ఇంగ్లండు పార్లమెంటులో సమ్మతి ఎవరిది?

ఒక ఊరి తరఫున ఇద్దరు మనుషులు రాజు దగ్గరికి వెళ్లి ఒక పన్నుకు ఒప్పుకుంటే, ఆ సభలో లేనివారు, ఆ సంగతే ఎరగనివారు కూడా మారుమాట లేకుండా ఆ పన్ను కట్టవలసి రావడం నేటి పాఠకునికి సహజంగానే తోస్తుంది గాని, పదమూడో శతాబ్దపు ఇంగ్లండులో అది ఇంకా రూపు దిద్దుకుంటున్న కొత్త ఏర్పాటు. ఒకరి సమ్మతి మరెందరినో కట్టి ఉంచుతుందన్న ఈ నియమమే ప్రాతినిధ్యానికి పునాది. ఇంగ్లండు శాసనసభ చరిత్రను ప్రజల హక్కుల పోరాటంగా చెప్పుకోవడం వాడుక. పోరాటం నిజమే, కానీ అది చాలా ఆలస్యంగా వచ్చింది. మొదట్లో ఉన్నది యుద్ధాలతో ఖజానా ఖాళీ చేసుకున్న రాజు, ఆయన అడిగిన సొమ్ము ఇవ్వక తప్పని భూస్వాములు, పట్టణ వర్తకులు. ఎవరి సమ్మతి తీసుకోవాలి, అది ఎంతమందికి వర్తిస్తుంది అన్న ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పడానికి ఆ దేశానికి దాదాపు ఏడు వందల ఏళ్లు పట్టింది.

నార్మన్ రాజుల కాలం నుంచి అక్కడ రాజుకు ఆలోచన చెప్పే సభ ఒకటి ఉండేది. రాజు నుంచి నేరుగా భూములు పొందిన పెద్ద ప్రభువులు, అంటే బారన్లు, వారితోపాటు బిషప్పులు, మఠాధిపతులు అందులో కూర్చునేవారు. వారిని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరి వంతు మాట వారే చెప్పుకునేవారు. 1215లో థేమ్స్ నది ఒడ్డున రన్నీమీడ్ పచ్చికబయలులో జాన్ రాజు చేత బారన్లు ఒప్పించుకున్న మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలోని పన్నెండో నిబంధన ఈ సభకు కొత్త బలం చేకూర్చింది. సైనిక సేవకు బదులుగా చెల్లించే సొమ్మును గాని, రాజు అదనంగా కోరే సహాయద్రవ్యాన్ని గాని, కొద్దిపాటి మినహాయింపులతో, రాజ్యమంతటి ఉమ్మడి ఆలోచన లేకుండా వసూలు చేయరాదని అది శాసించింది. ఆ ఉమ్మడి ఆలోచనకు ఎవరిని పిలవాలో పద్నాలుగో నిబంధన చెప్పింది: పెద్ద బారన్లకు, బిషప్పులకు విడివిడిగా లేఖలు, రాజు నుంచి భూమి పొందిన చిన్నవారికి కౌంటీ అధికారుల ద్వారా ఉమ్మడి పిలుపు. మరుసటి ఏడాదే, బాలుడైన మూడో హెన్రీ పేరిట పత్రాన్ని తిరిగి వెలువరించినప్పుడు ఈ రెండు నిబంధనలనూ తీసివేశారు గాని, అడగకుండా పన్ను వేయడం అన్యాయమన్న భావన మాత్రం అప్పటికే వేళ్లూనుకుంది.

బారన్లు ఒప్పుకుంటే సరిపోయే కాలం అంతలోనే దాటిపోయింది. ఉన్ని వ్యాపారం వల్ల పట్టణాల్లో, చిన్న భూస్వాముల ఇళ్లలో సంపద పెరిగింది. ఆ సంపద మీద చేయి వేయాలంటే దాని యజమానుల మాట కావాలి. 1254లో హెన్రీ రాజు గాస్కనీలో యుద్ధవ్యవహారాల్లో ఉండగా, ప్రతి కౌంటీ నుంచి ఇద్దరు నైట్లను ఎన్నుకుని వెస్ట్‌మినిస్టర్‌కు పంపవలసిందిగా షెరీఫ్‌లకు ఆజ్ఞలు వెళ్లాయి. నైట్ అంటే గుర్రమెక్కి యుద్ధం చేయగల హోదా ఉన్న గ్రామీణ భూస్వామి, షెరీఫ్ అంటే కౌంటీలో రాజు తరఫున పన్నులు, న్యాయం, శాంతిభద్రతలు చూసే అధికారి. కౌంటీ న్యాయసభలు అప్పటికే క్రమం తప్పకుండా కూడుతుండేవి, అక్కడి పెద్దలు ఒకరికొకరు తెలిసినవారు. కాబట్టి ఎన్నుకోవడమన్నది గాలిలోంచి ఊడిపడలేదు, స్థానిక వ్యవహారాల్లో పాతుకుపోయిన అలవాటు మీదే నిలిచింది.

లూయిస్ యుద్ధంలో రాజును బందీగా పట్టిన తిరుగుబాటు ప్రభువుల నాయకుడు సైమన్ డి మాంట్‌ఫర్ట్ 1265 జనవరిలో పిలిచిన పార్లమెంటుకు కౌంటీల నైట్లతోపాటు పట్టణాల నుంచి కూడా ఇద్దరేసి ప్రతినిధులు వచ్చారు. ఈ ఒక్క సంగతిని పట్టుకుని ఆయనను ప్రజాస్వామ్య పితామహునిగా కొలిచే వాడుక ఉంది గాని, అది అతిశయోక్తి. ప్రభువుల్లో చాలామంది తనకు ఎదురు తిరిగి ఉన్నందున ఆ పార్లమెంటుకు ఆయన 5 మంది ఎర్ల్‌లను, 18 మంది బారన్లను మాత్రమే పిలవగలిగాడు. ఆ వెలితిని పూడ్చుకోవడానికి తనవైపు మొగ్గిన పట్టణాల అండ కావలసివచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఈవ్‌షామ్ యుద్ధభూమిలో ఆయన ప్రాణాలు కోల్పోయాడు. విశేషమేమిటంటే ఆయనను అక్కడ ఓడించిన రాజకుమారుడే తరువాత మొదటి ఎడ్వర్డ్‌గా సింహాసనమెక్కి, శత్రువు పన్నిన ఉపాయాన్ని తన పాలనకు సాధనంగా మలచుకున్నాడు.

ఎడ్వర్డ్ 1295లో పిలిచిన పార్లమెంటును చరిత్రకారులు తరువాతివాటికి నమూనాగా పేర్కొంటారు. ఫ్రాన్సుతో యుద్ధం, స్కాట్లండుతో వైరం, వేల్స్‌లో తిరుగుబాటు ఒక్కసారిగా మీదపడిన ఆ ఏడాది ఆయన ప్రభువులను, మతాధికారులను, ప్రతి కౌంటీ నుంచి ఇద్దరు నైట్లను, ప్రతి నగరం నుంచీ, బరో అని పిలిచే హక్కులు గల ప్రతి పట్టణం నుంచీ ఇద్దరేసి పౌరులను రప్పించాడు. అందరికీ సంబంధించిన విషయాన్ని అందరూ ఆమోదించాలన్న పాత రోమన్ న్యాయసూత్రాన్ని మతాధికారులకు పంపిన ఆహ్వానంలో ఉదహరించాడు. ఇంతకంటే ముఖ్యమైన షరతు మరొకటి ఉంది: వచ్చే ప్రతినిధులు తమను పంపిన సమాజం తరఫున పూర్తి అధికారంతో రావాలి, తిరిగి ఊరికి వెళ్లి అడిగి చెబుతామనడానికి వీలులేదు. రాజుకు కావలసింది వెంటనే చెల్లే మాట గనుక ఈ షరతు ఆయన సౌకర్యం కోసమే పుట్టింది. కానీ దాని ఫలితం ఆయన ఊహను దాటిపోయింది, ఎందుకంటే అక్కడికక్కడే ఔనని చెప్పే అధికారం ఉన్నవారికి కాదని చెప్పే అధికారం కూడా ఉంటుంది. ఊరికి వెళ్లి అడిగిరావలసిన దూతల గుంపు ఎన్నటికీ శాసనసభ కాజాలదు. ఇంగ్లండు పార్లమెంటును శాసనసభగా నిలబెట్టిన తొలి మెట్టు ఈ పూర్తి అధికారమే.

ఆ రోజుల్లో పార్లమెంటుకు వెళ్లడం గౌరవంగా కంటే భారంగా కనిపించేది. ప్రయాణం కష్టం, పైగా ఖర్చు ఊరిదే: నైటుకు రోజుకు 4 షిల్లింగులు, పట్టణ ప్రతినిధికి 2 షిల్లింగుల చొప్పున భత్యం వారిని పంపిన సమాజమే ఇచ్చుకోవాలి. డెవన్ కౌంటీలోని టారింగ్టన్ వంటి పట్టణాలు తమకు ప్రతినిధులను పంపే బాధ్యత తప్పించమని రాజును వేడుకున్నాయి. తరువాతి తరాల వారు ప్రాణాలొడ్డి కోరుకున్న ఆ స్థానాన్ని వీరు వద్దనుకోవడం చూస్తే, ప్రాతినిధ్యం మొదట హక్కుగా కాక రాజు మోపిన విధిగా ఉండేదన్న సంగతి స్పష్టమవుతుంది.

విధి హక్కుగా మారడానికి దారి చూపినది అర్జీ. ప్రతినిధులు వస్తూ వస్తూ తమ ప్రాంతపు మొరలను రాతపూర్వకంగా తెచ్చేవారు. పన్ను అడిగిన రాజు ముందు ఆ మొరలు పెట్టి, వాటికి సమాధానం వచ్చాకే సొమ్ము సంగతి మాట్లాడటం పద్నాలుగో శతాబ్దంలో క్రమంగా అలవాటైంది. ఫ్రాన్సుతో ఏళ్ల తరబడి సాగిన యుద్ధానికి ఎడతెగని డబ్బు కావలసి రావడంతో వారి బేరం బలపడింది. ఆ శతాబ్దం నడిమికి ప్రభువులు ఒక చోట, కౌంటీల, పట్టణాల ప్రతినిధులు మరొక చోట విడిగా కూర్చోవడం స్థిరపడి, హౌస్ ఆఫ్ లార్డ్స్, హౌస్ ఆఫ్ కామన్స్ అనే రెండు సభలు రూపుకట్టాయి. గ్రామీణ భూస్వామి పట్టణ వర్తకుని పక్కన కూర్చోవడం ఇంగ్లండులో జరిగిన విశేషం. ఫ్రాన్సులో కులీనులు, మతాధికారులు, మిగిలినవారు మూడు వేర్వేరు వర్గాలుగా విడిపోవడం వల్ల రాజుకు వారిని విడివిడిగా లొంగదీసుకోవడం తేలికైంది.

కామన్స్ తన బలాన్ని తాను గుర్తించిన సందర్భం 1376 నాటి పార్లమెంటు. వృద్ధుడైన మూడో ఎడ్వర్డ్ కొలువులో సొమ్ము దుర్వినియోగమైందని ఆరోపిస్తూ సభ్యులు పీటర్ డి లా మేర్ అనే నైటును తమ గొంతుకగా నిలబెట్టారు; రాజుకు సన్నిహితుడైన లాటిమర్ ప్రభువును, లండన్ వర్తకుడు రిచర్డ్ లయన్స్‌ను కామన్స్ నేరారోపణ చేసి ప్రభువుల ముందు విచారణకు నిలిపింది. ఇంపీచ్‌మెంట్ అనే విధానానికి అది ఆరంభం. సభ తరఫున మాట్లాడేవానికి స్పీకర్ అన్న హోదా మరుసటి ఏడాది థామస్ హంగర్‌ఫర్డ్ పేరుతో రికార్డులకెక్కింది. 1407లో నాలుగో హెన్రీ పన్నుల మంజూరు ముందుగా కామన్స్‌లోనే జరగాలని ఒప్పుకున్నాడు. భారతదేశంలో ద్రవ్య బిల్లును లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలన్న నియమానికి ఆ నాటి ఒప్పుకోలే దూరపు మూలం.

అయితే ఎన్నుకునేవారెవరు? ఈ ప్రశ్నకు చట్టం మొదటిసారి ఇచ్చిన జవాబు తలుపు మూయడమే. పేదలు గుంపులుగా వచ్చి ఎన్నికలను అల్లరిపాలు చేస్తున్నారన్న ఫిర్యాదుతో, ఏటా 40 షిల్లింగుల ఆదాయం వచ్చే సొంత భూమి ఉన్నవారికే కౌంటీల్లో ఓటు ఉంటుందని ఆరో హెన్రీ కాలంలో 1429లో మొదలైన పార్లమెంటు శాసించింది. ఆ అంకె నాలుగు వందల ఏళ్లపాటు మారకుండా నిలిచింది. ధరలు పెరిగి షిల్లింగు విలువ పడిపోవడంతో, చట్టం కోరుకోకపోయినా, క్రమంగా చిన్న రైతులకు కూడా ఓటు దక్కింది. బరోల్లో అయితే ఒక నియమమంటూ లేదు. ఒక చోట వృత్తిసంఘాల సభ్యులు, మరొక చోట స్థానిక పన్ను కట్టేవారు, ఇంకొక చోట నగరపాలక మండలిలోని గుప్పెడు మంది మాత్రమే ఓటర్లు. కొన్ని చోట్ల సొంత పొయ్యి మీద కుండ పెట్టి వంట చేసుకోగలిగిన ప్రతి ఇంటి మగవానికీ ఓటు ఉండేది. మరికొన్ని చోట్ల ఓటు మనిషికి కాక నేలకు అంటుకుని ఉండేది, ఆ స్థలం ఎవరు కొంటే ఓటు వారిది.

ఇంతలో పట్టణాల ప్రతినిధుల రూపురేఖలు మారిపోయాయి. సభ్యుడు తాను ప్రాతినిధ్యం వహించే చోటే నివసించాలని 1413లో చట్టం చేసినా, భత్యం అడగకుండా సొంత ఖర్చుతో వెళతానని ముందుకు వచ్చే భూస్వామిని పట్టణాలు కాదనలేకపోయాయి. ట్యూడర్ రాజుల కాలానికి పట్టణ స్థానాల్లో అధిక భాగం బయటి భూస్వాముల చేతిలోకి వెళ్లింది. నష్టం కొట్టవచ్చినట్టు కనిపిస్తున్నా దానిలో ఒక లాభం కూడా దాగి ఉంది: చదువు, ధైర్యం, బంధుబలగం ఉన్న మనుషులతో నిండిన ఆ సభ రాజుకు ఎదురు నిలిచే సత్తా సంపాదించుకుంది. ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్నప్పుడు ఆ పనినంతటినీ 1529 నుంచి 1536 వరకు సాగిన పార్లమెంటు చట్టాల ద్వారానే జరిపించడంతో, దేశపు మతాన్ని సైతం మార్చగల సభగా దాని ప్రతిష్ఠ పెరిగింది.

స్టూవర్ట్ రాజులతో ఘర్షణ కథ ప్రసిద్ధమే. 1629 నుంచి పదకొండేళ్లు పార్లమెంటు లేకుండా ఏలిన మొదటి చార్లెస్, 1642 జనవరి 4న సాయుధులను వెంటబెట్టుకుని ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి స్వయంగా కామన్స్‌లో అడుగుపెట్టగా, స్పీకర్ విలియం లెంథాల్ ఆయన ముందు మోకరిల్లి, సభ ఆనతి లేకుండా తనకు చూసే కళ్లు గాని పలికే నోరు గాని లేవని విన్నవించుకున్నాడు. అంతవరకు స్పీకర్లు రాజుకూ సభకూ నడుమ నలిగినవారే. స్పీకర్ సభకే సేవకుడన్న సంప్రదాయానికి ఆ రోజు నుంచి ప్రాణం వచ్చింది. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైన నీలం సంజీవరెడ్డి తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేసినప్పుడు పాటించినది ఈ సంప్రదాయపు వారసత్వాన్నే.

ఆ తరువాత రాజుకూ పార్లమెంటుకూ మధ్య సాగిన అంతర్యుద్ధంలో అంతగా ప్రసిద్ధి కెక్కని ఘట్టం ఒకటి ప్రాతినిధ్య చరిత్రకు రాజు శిరచ్ఛేదం కంటే ముఖ్యమైనది. 1647 అక్టోబరు చివర లండన్ సమీపంలోని పట్నీ చర్చిలో విజేతలైన పార్లమెంటు సైన్యపు అధికారులూ, సిపాయిల ప్రతినిధులూ దేశానికి ఎలాంటి రాజ్యాంగం కావాలన్న విషయం చర్చించారు. లెవెలర్లు అని పేరుపడిన సమానత్వవాదుల తరఫున మాట్లాడిన కర్నల్ థామస్ రెయిన్స్‌బరో, అతి పేదవానికీ అతి గొప్పవానికి లాగే బతకవలసిన బతుకు ఉందని, ఏ ప్రభుత్వం కింద బతకాలో దానికి తన సమ్మతి ఇవ్వని మనిషి దానికి కట్టుబడనవసరం లేదని వాదించాడు. ఆ సైన్యపు సేనాని క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ దీనికి అడ్డుతగులుతూ, దేశంలో స్థిరమైన ఆస్తి ఉన్నవారికే దేశవ్యవహారాల్లో మాట ఉండాలని, లేనివారికి ఓటిస్తే ఆస్తే మిగలదని హెచ్చరించాడు. పదమూడో శతాబ్దంలో రాజు అవసరం కోసం పుట్టిన సమ్మతి సూత్రాన్ని రెయిన్స్‌బరో ప్రతి మనిషికీ వర్తింపజేశాడు. అంతకుముందు ఇంగ్లండు పాలకవర్గపు సభలో ఎవరూ అలా మాట్లాడిన దాఖలా లేదు. ఆడవారి సంగతి మాత్రం ఆ చర్చలో ఎవరికీ తట్టలేదు. ఐర్టన్ పక్షమే నెగ్గింది, చర్చను రాసుకున్న కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లో మూలనపడి పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా వెలుగు చూడలేదు. రాజు శిరచ్ఛేదం తరువాత వచ్చిన క్రామ్‌వెల్ పాలనలో మాంచెస్టర్‌కు, లీడ్స్‌కు తొలిసారిగా స్థానాలు ఇచ్చినా, 1660లో రాజరికం తిరిగి వచ్చేనాటికి ఆ మార్పు కూడా రద్దైపోయింది.

1689 నాటి హక్కుల చట్టం పార్లమెంటు అనుమతి లేని పన్ను చెల్లదని, సభలో పలికిన మాటకు బయట ఎవరూ శిక్షించరాదని స్థిరపరచింది. రాజు మీద పార్లమెంటు గెలిచింది, సందేహం లేదు. కానీ పార్లమెంటు మీద ఓటరుకు ఉన్న పట్టు దీనితో పెరగకపోగా సడలింది. మూడేళ్ల కాలానికి ఎన్నికైన సభ 1716లో చట్టం చేసి తన కాలాన్ని తానే ఏడేళ్లకు పొడిగించుకోవడం ఇందుకు తిరుగులేని రుజువు.

పద్దెనిమిదో శతాబ్దపు కామన్స్ ఎంత వంకరగా ఉండేదో చెప్పడానికి ఓల్డ్ సేరమ్ ఒక్కటి చాలు. సాల్స్‌బరీ పక్కనున్న ఈ పాత కోట దిబ్బ మీది పట్టణం ఏనాడో పాడుబడినా, పది పదకొండు మందికి మించని ఓటర్లతో ఇద్దరు సభ్యులను పంపుతూనే వచ్చింది. సఫక్ తీరంలోని డనిచ్ పట్టణంలో అధిక భాగాన్ని సముద్రం మింగివేసినా దాని రెండు స్థానాలూ చెక్కుచెదరలేదు. కార్న్‌వాల్ ఒక్క కౌంటీ 44 మందిని పంపుతుండగా, మిల్లులతో కిక్కిరిసిన మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకు సొంత సభ్యుడు ఒక్కడూ లేడు. పెద్ద కుటుంబాలు ఇలాంటి బరోలను జేబులో పెట్టుకుని తిరిగేవి, అమ్మేవి, కొనేవి.

ఈ క్రయవిక్రయాల్లో తెలుగు నేలకు చెందిన సొత్తు కూడా కలిసింది. ఓల్డ్ సేరమ్‌ను పదిహేడో శతాబ్దపు చివరి దశకంలో కొన్న థామస్ పిట్, 1698 నుంచి 1709 వరకు మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. కృష్ణా తీరపు గోల్కొండ గనుల్లో దొరికిన పెద్ద వజ్రాన్ని ఆయన మద్రాసులో ఒక భారతీయ వర్తకుని వద్ద కొని, 1717లో ఫ్రాన్సు పాలకప్రతినిధికి ఎన్నో రెట్లకు అమ్మి, ఆ ధనంతో ఎస్టేట్లను, వాటితోపాటు పార్లమెంటులో పలుకుబడిని పెంచుకున్నాడు. ఆయన మనుమడు విలియం పిట్ 1735లో ఓల్డ్ సేరమ్ నుంచే సభలో ప్రవేశించి తరువాత ప్రధానమంత్రి అయ్యాడు. నెల్లూరు మొదలుకొని దక్షిణాన తమిళ సీమ దాకా విస్తరించిన ఆర్కాటు నవాబు రాజ్యం కథ ఇంకా దుఃఖకరమైనది: నవాబుకు అధిక వడ్డీలకు అప్పులిచ్చిన పాల్ బెన్‌ఫీల్డ్ వంటి కంపెనీ ఉద్యోగులు ఆ ధనంతో కామన్స్ స్థానాలు సంపాదించుకున్నారని, ఆ అప్పుల భారం చివరికి అక్కడి రైతుల మీదే పడుతున్నదని ఎడ్మండ్ బర్క్ 1785 ఫిబ్రవరిలో సభలో నిప్పులు చెరిగాడు. ఆ రైతులకు లండన్ సభలో మాటలేదు, వారిని పిండిన సొమ్ముకు మాత్రం స్థానముంది.

ప్రతినిధి కర్తవ్యం గురించి నేటికీ చర్చల్లో నలిగే మాటలు చెప్పినవాడు కూడా ఈ బర్కే. 1774 నవంబరులో బ్రిస్టల్ ఓటర్లతో మాట్లాడుతూ, ప్రతినిధి తన శ్రమనే కాక తన వివేకాన్ని కూడా ఓటర్లకు బాకీ ఉంటాడని, వారి అభిప్రాయానికి దాన్ని బలిపెడితే వారికి ద్రోహం చేసినవాడవుతాడని, పార్లమెంటు వేర్వేరు ప్రయోజనాల రాయబారుల సమావేశం కాదని, ఒకే దేశపు ఆలోచనా సభ అని వివరించాడు. ఇందులో సత్యముంది, 1295 నాటి పూర్తి అధికారపు షరతుకు ఇది నైతిక రూపం. కానీ ఆ వాదం పక్కనే ఆ కాలంలో మరొక వాదం బలంగా ఉండేది. ఓటు లేని మాంచెస్టర్‌కూ, అమెరికా వలసలకూ కూడా పార్లమెంటు మొత్తం ప్రతినిధేనని, సభ్యులందరూ అందరి మేలూ చూస్తారని ప్రభుత్వ పక్షం చెప్పేది. 1765లో స్టాంపు పన్ను మోపినప్పుడు అమెరికన్లు దీన్ని తిప్పికొట్టారు: మాంచెస్టర్‌కు సభ్యుడు లేకపోవడం మాకు లేకపోవడాన్ని సమర్థించదు, ఇద్దరికీ ఉండాలని మాత్రమే తేల్చుతుంది అన్నారు. ఎన్నుకోనివారి తరఫున తామే మాట్లాడుతున్నామనే ప్రభుత్వం ఎంత మంచి మనసుతో ఉన్నా, వారు కాదనగలిగే దారి లేనప్పుడు ఆ మాటకు విలువ లేదు. స్వదేశంలో ఓటర్ల ఇష్టానికి కూడా విలువ లేదని మిడిల్‌సెక్స్ ఎన్నిక చూపింది: 1769లో జాన్ విల్క్స్‌ను సభ పదే పదే బహిష్కరించినా ఓటర్లు పదే పదే గెలిపించగా, చివరికి 1,143 ఓట్లు వచ్చిన ఆయనను కాదని 296 ఓట్లు వచ్చిన ప్రత్యర్థిని సభ్యునిగా ప్రకటించారు.

1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో పార్లమెంటు సంస్కరణ కోరుతూ దాదాపు 60,000 మంది, పిల్లాపాపలతో సహా, శాంతియుతంగా గుమిగూడారు. వక్తను అరెస్టు చేయమని పంపిన అశ్వికదళం కత్తులు దూసి జనం మీదికి దూకింది. కనీసం 15 మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. వాటర్లూ యుద్ధం జరిగిన నాలుగేళ్లకే జరిగిన ఈ ఘోరానికి జనం పీటర్లూ అని పేరు పెట్టారు. సంస్కరణ బిల్లు 1831 మార్చిలో ఒక్క ఓటు తేడాతో, 302కు 301తో, రెండో పఠనం దాటింది. అక్టోబరులో ప్రభువుల సభ తోసిపుచ్చగానే నాటింగ్‌హామ్ కోట తగలబడింది, బ్రిస్టల్ అల్లర్లతో అట్టుడికింది. చివరికి 1832 జూన్ 7న చట్టమైన సంస్కరణ బిల్లు ఓల్డ్ సేరమ్, డనిచ్‌లతో సహా 56 బరోలను పూర్తిగా తొలగించి, 30 బరోలకు ఒక్కో స్థానం తగ్గించి, మాంచెస్టర్ వంటి నగరాలకు స్థానాలు ఇచ్చింది. బరోల్లో ఏడాదికి 10 పౌండ్ల విలువైన ఇంట్లో నివసించేవారికి ఓటు వచ్చింది. మధ్యతరగతి లోపలికి అడుగుపెట్టింది. దానికోసం మైదానాల్లో నిలబడి దెబ్బలు తిన్న కార్మికుడు బయటే ఉండిపోయాడు. ఓటరు మగవాడై ఉండాలని చట్టం అక్షరాలా చెప్పడం కూడా అప్పుడే మొదలైంది.

అలా మోసపోయినవారే 1838లో ప్రజా చార్టర్ పేరిట ఆరు కోర్కెలు పెట్టారు: వయోజన పురుషులందరికీ ఓటు, రహస్య ఓటింగు, సభ్యత్వానికి ఆస్తి అర్హత రద్దు, సభ్యులకు జీతం, సమాన నియోజకవర్గాలు, ఏటా ఎన్నిక. లక్షల సంతకాలతో మూడుసార్లు సమర్పించిన అర్జీలను సభ తోసిపుచ్చింది, నాయకులు జైళ్లకు వెళ్లారు. అయినా ఏటా ఎన్నిక తప్ప మిగిలిన ఐదూ కాలక్రమంలో చట్టాలయ్యాయి. వీటిలో అన్నిటికంటే లోతైన మార్పు 1872 నాటి రహస్య ఓటింగు. అంతవరకు ఓటరు వేదిక ఎక్కి అందరి ముందూ పేరు చెప్పి ఓటు వేసేవాడు, ఎవరు ఎవరికి వేశారో పుస్తకాలుగా అచ్చువేసి అమ్మేవారు. కౌలుదారు జమీందారు కళ్లముందు, కార్మికుడు యజమాని కళ్లముందు ఇచ్చే సమ్మతి ఎంత స్వేచ్ఛగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1867, 1884 చట్టాలు పట్టణ కార్మికులకూ, తరువాత గ్రామీణ కూలీలకూ ఓటు విస్తరింపజేసినా, ఆ శతాబ్దం ముగిసేనాటికి వయోజన పురుషుల్లో పదిమందిలో నలుగురు ఇంకా ఓటు లేనివారే.

1867 మేలో జాన్ స్టూవర్ట్ మిల్ ఆ ఏటి సంస్కరణ బిల్లులో పురుషుడు అన్నచోట వ్యక్తి అని మార్చాలని ప్రతిపాదించగా 196కు 73 ఓట్లతో అది వీగిపోయింది. తరువాతి యాభై ఏళ్లలో స్త్రీలు అర్జీలు పెట్టారు, ఊరేగారు, జైళ్లలో నిరాహార దీక్షలు చేశారు. 1918లో పురుషులకు 21 ఏళ్లకు, స్త్రీలకు ఆస్తి షరతులతో 30 ఏళ్లకు ఓటు వచ్చింది. సమాన షరతులతో రావడానికి 1928 దాకా ఆగవలసివచ్చింది. ఈ నడుమ 1892లో దాదాభాయి నౌరోజీ లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి 5 ఓట్ల ఆధిక్యంతో కామన్స్‌కు ఎన్నికయ్యారు. నల్లవాడిని బ్రిటిష్ ఓటర్లు ఎన్నుకోరని ప్రధాని సాల్స్‌బరీ నాలుగేళ్ల ముందు పలికిన మాటకు ఫిన్స్‌బరీ ఓటర్లు ఇచ్చిన జవాబు అది. ఆయనకు ఓటు వేసినవారు లండన్ వాసులు, ఆయన మొరపెట్టింది మాత్రం ఆ సభ చేసే చట్టాల కింద బతుకుతూ అందులో ఒక్క స్థానమూ లేని కోట్ల మంది భారతీయుల గురించి. ఆయన సభలో ఉండటమే ఆ లేమికి సాక్ష్యంగా నిలిచింది.

చివరి అసమానత చాలామంది గమనించనిది. వేరే నియోజకవర్గంలో వ్యాపార స్థలం ఉన్నవారికి రెండో ఓటు, విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ప్రత్యేక స్థానాలలో అదనపు ఓటు ఉండేవి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు ఈ స్థానాలు మొదటి జేమ్స్ కాలం నుంచీ ఉన్నాయి. 1948 చట్టం వీటిని రద్దు చేసింది. ప్రతి వయోజనునికీ ఒక ఓటు, ఎవరికీ ఒకటికి మించి లేదన్న నియమంతో బ్రిటన్‌లో జరిగిన మొట్టమొదటి సార్వత్రిక ఎన్నిక 1950 ఫిబ్రవరి 23 నాటిది. చదువు, ఆస్తి, స్త్రీ పురుష భేదాలతో పనిలేకుండా 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు ఇచ్చిన భారత రాజ్యాంగం అంతకు నాలుగు వారాల ముందు, 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది.